ఉక్కు మర్రి నీడలో యమున

న్యూఢిల్లీ: లక్ష్మీ నగర్ స్టేషనులో మెట్రో రైలు ఎక్కి నగరం నడిబొడ్డుకు బయలుదేరిన ప్రయాణికునికి యమునా బ్యాంక్ స్టేషను దాటగానే కిటికీ అద్దంలో రెల్లుపొదలు, కూరగాయల మళ్లు, వాటి నడుమ నల్లని నీటిపాయ కనిపిస్తాయి. రెండు నిమిషాలలో ఆ దృశ్యం అంతర్ధానమై ఇంద్రప్రస్థ స్టేషను వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టెలో కూర్చుని, గాజు పలక గుండా రాజధానివాసి రోజూ చూసే వన్యప్రకృతి ఇంతే.

వన్యప్రకృతి ఛాయాచిత్రాలను, గాజుతోను ఉక్కుతోను మలచిన శిల్పాలను ఎదురెదురుగా నిలిపి ప్రదర్శించడం కళాలోకంలో అరుదేమీ కాదు. ఒకవైపు మనిషి చేయి సోకని అడవి, మరొకవైపు మనిషి కొలిమిలో పుట్టిన వస్తువు. ఈ రెండింటికీ పొత్తు లేదన్నట్లుగా సాధారణంగా వాటిని అమర్చుతారు. ఢిల్లీలో ఈ రెండు వేర్వేరు చోట్ల, వేర్వేరు సంవత్సరాలలో ప్రదర్శితమయ్యాయి. అయితే వాటి నడుమ ఒక నది ప్రవహిస్తున్నది.

మొదటిది 2011 నవంబరులో పాత ఇనుప వంతెన సమీపాన యమున ఒడ్డునే జరిగింది. జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ప్రవహించే ఎల్బే నదిని, మన యమునను జోడించి నిర్వహించిన ఈ ప్రదర్శనకు ఢిల్లీ ఛాయాచిత్రకారుడు రవి అగర్వాల్, హాంబర్గ్ కళాకారుడు టిల్ క్రౌజె సారథ్యం వహించారు. అగర్వాల్ చదువురీత్యా ఇంజనీరు, టాక్సిక్స్ లింక్ అనే పర్యావరణ సంస్థ వ్యవస్థాపకుడు. ఢిల్లీ రిడ్జ్ అడవికి 1994లో రిజర్వు అటవీ హోదా లభించడానికి ముందు జరిగిన ఆందోళనలో ఆయన పాల్గొన్నారు. ఆయన కెమెరా పట్టిన యమున పులులు తిరిగే అడవి కాదు. బంతిపూల తోటలు, ఇసుక తిన్నెలు, నురుగు తేలే నీళ్లు గల నది. కేరళ నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడిన గిగి స్కారియా అదే ఒడ్డున అంతస్తుల భవనం ఆకారంలో ఒక నిర్మాణాన్ని నిలిపి, నదినీటిని దశలవారీగా వడగట్టి ఫౌంటెనుగా చిమ్మించారు.

భవనం, నది అన్న జంట లక్ష్మీ నగర్ వాసులకు కేవలం కళావస్తువు కాదు. సరిగ్గా ఏడాది ముందు, 2010 నవంబరు 15వ తేదీ రాత్రి, ఈ పేటలోని లలితా పార్కులో ఒక బహుళ అంతస్తుల భవనం కుప్పకూలి సుమారు 70 మంది మరణించారు. మృతులలో అధికులు పొట్టకూటికి వలస వచ్చినవారు. అనుమతి లేకుండా లేపిన అంతస్తులు, ఆ ఏటి యమున వరద తర్వాత నేలమాళిగలో నిలిచిన నీరు ఇందుకు కారణాలని అప్పట్లో అధికారులు పేర్కొన్నారు. నేడు చార్టర్డ్ అకౌంటెన్సీ కోచింగు కేంద్రాలతో కిటకిటలాడే లక్ష్మీ నగర్, నది తన విస్తీర్ణంగా భావించే నేలకు ఆనుకునే ఉన్నది.

రెండవ ప్రదర్శన 2014 ఆరంభంలో ఇండియా గేట్ సమీపాన జైపూర్ హౌస్‌లోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో జరిగింది. బీహారులోని ఖగౌల్ అనే రైల్వే పట్టణంలో 1964లో జన్మించిన సుబోధ్ గుప్తా తన కృతులను అక్కడ ఉంచారు. పచ్చికబయల్లో నిలిచిన 'దాదా' అనే ఉక్కు మర్రిచెట్టు సందర్శకులను విశేషంగా ఆకర్షించింది. దాదా అంటే తాతయ్య. ఊడలు దిగిన ఆ చెట్టుకు ఆకులకు బదులు గిన్నెలు, చెంబులు, బకెట్లు వేలాడుతుంటాయి. ఏ మధ్యతరగతి వంటింటిలోనైనా కనిపించే సామాను అది.

ఈ సామాను ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న ఆర్థిక పుటకు చెందినదే. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉండాలి. దేశంలోని క్రోమైట్ నిక్షేపాలలో అత్యధిక భాగం ఒడిషాలోని సుకిందా లోయలోనే ఉంది. క్రోమియం కలిసిన నీటి కారణంగా ఆ లోయ 2007లో బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ ప్రకటించిన ప్రపంచంలోని పది అత్యంత కలుషిత ప్రాంతాల జాబితాకెక్కింది. ఇక ఇనుము సంగతి తెలుగువారికి కొత్త కాదు. ఎద్దు మూపురం అని అర్థమిచ్చే బైలాడిల్లా కొండల ఖనిజం అరకు లోయ మీదుగా కిరండూల్ రైలు మార్గంలో విశాఖపట్నం చేరడం ఎరిగినదే. ఆ కొండలలోని 13వ నిక్షేపాన్ని తవ్వరాదని, అది తమ దేవుడు నందరాజు కొలువైన కొండ అని 2019 జూన్‌లో వేలాది ఆదివాసులు కిరండూల్‌లో బైఠాయించారు. గాజుకు మూలమైన సిలికా ఇసుకను గూడూరు సమీపాన చిల్లకూరు, కోట మండలాలలో తవ్వుతున్నారు. అటువంటి ఇసుకే ఉత్తరాదిన ఫిరోజాబాద్ కొలిమిలో గాజులుగా మారుతుంది. తాజ్‌మహల్‌ను కాపాడేందుకు బొగ్గు మాని సహజవాయువుకు మారాలని 1996 డిసెంబరు 30న సుప్రీంకోర్టు ఆదేశించిన ప్రాంతంలో ఈ ఊరూ ఉంది. దాని పక్కన పారేదీ యమునే.

గిన్నెకు ముందు రూపమైన స్టీలు రేకును ఢిల్లీలోనే వజీర్‌పూర్ పారిశ్రామికవాడలో సాగదీస్తారు. ఎర్రగా కాగిన కడ్డీలను పటకార్లతో పట్టి రోలింగు యంత్రాలలోకి నెట్టే అక్కడి కార్మికులు వేతనాల పెంపు కోరుతూ 2014 జూన్‌లో సమ్మెకు దిగారు. ఉక్కు మర్రిని జనం చూసివెళ్లి అప్పటికి మూడు నెలలైనా కాలేదు. రేకుల నల్లదనం వదిలించడానికి వాటిని ఆమ్లంలో ముంచుతారు. ఆ ఆమ్లజలం మురుగు కాలువల గుండా చివరకు యమునలోకే చేరుతున్నదన్న ఫిర్యాదు జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్లింది. మెరిసే చెట్టుకు, నల్లని నీటికి ఉన్న చుట్టరికం ఇది.

నది పొడవు 1,376 కిలోమీటర్లు కాగా వజీరాబాద్ నుంచి ఓఖ్లా వరకు ఢిల్లీలో పారే భాగం 22 కిలోమీటర్లు మాత్రమే. రెండు శాతమైనా లేని ఆ భాగంలోనే యమున కాలుష్యంలో నూటికి 70 పాళ్లకు పైగా వచ్చి కలుస్తున్నట్లు అంచనా.

2023 జూలై 13న పాత ఇనుప వంతెన వద్ద నీటిమట్టం 208.66 మీటర్లకు చేరి 1978 నాటి రికార్డును అధిగమించింది. ప్రమాదసూచిక 205.33 మీటర్లు. రెల్లుపొదలు, మళ్లు అన్నీ మునిగిపోయాయి. యమునా బ్యాంక్ స్టేషను దారి నీటిలో ఉండడంతో రాకపోకలు నిలిపివేశారు. లక్ష్మీ నగర్ నుంచి వచ్చిన స్టీలు రైళ్లు ఆ రోజు నదిపై గంటకు 30 కిలోమీటర్లకు మించని వేగంతో, నెమ్మదిగా దాటాయి.