రోజూ తోముకుంటున్నాం కదా, మళ్లీ క్లీనింగ్ దేనికి?

పంటి డాక్టరు క్లీనింగ్ చేయించుకోమనగానే చాలామందికి వచ్చే అనుమానం ఇది. రోజుకు రెండుసార్లు శ్రద్ధగా తోముకునేవాళ్లకు ఇంకా ఎక్కువగా వస్తుంది. అలా అడగడంలో తప్పేమీ లేదు. ముందు పంటి మీద ఒక రోజులో ఏం జరుగుతుందో చూద్దాం.

తోముకున్న కొద్ది నిమిషాలకే లాలాజలంలోని ప్రోటీన్లు పంటి మీద కంటికి కనిపించని పలుచని పొరగా అంటుకుంటాయి. కొన్ని గంటల్లో ఆ పొర మీదికి బ్యాక్టీరియా చేరి, తన చుట్టూ జిగురు అల్లుకుంటుంది. పొద్దున్నే నాలుకకు తగిలే జిడ్డు అదే, మనం పాచి అనేది దాన్నే. మెత్తగా ఉన్నంతవరకు అది బ్రష్షుకు లొంగుతుంది. బ్రష్షు అందని చోట మిగిలిపోయిన పాచిలోకి లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు దిగుతాయి. ఒకటి రెండు రోజుల్లోనే అది గట్టిపడటం మొదలై, సుమారు రెండు వారాలకు గారగా మారుతుంది. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకున్న పొర గుడ్డతో రుద్దితే పోదు కదా, పంటి గార కూడా అంతే. దాన్ని ఊడదీసే పేస్టు, పళ్లపొడి, బ్రష్షు ఏవీ లేవు. పనిముట్టుతో తీయాల్సిందే.

ఇటుక పొడితోనో, బొగ్గుతోనో, నిమ్మరసంలో సోడా ఉప్పు కలిపో గట్టిగా రుద్దితే పోతుందని కొందరు ప్రయత్నిస్తారు. గార అలాగే ఉంటుంది, పంటి పైనున్న ఎనామెల్ అరుగుతుంది. ఒకసారి అరిగిన ఎనామెల్ మళ్లీ పెరగదు.

బాగా తోముకునేవాళ్లకూ గార ఎందుకు కడుతుంది?

అద్దం ముందు నోరు తెరిచి కింది ముందు పళ్ల లోపలి వైపు, నాలుక ఆనుకునే చోట చూడండి. చాలామందికి అక్కడ పసుపుపచ్చగా ఒక గట్టు కనిపిస్తుంది. నాలుక కింద లాలాజలం వచ్చే నాళాలు తెరుచుకునేది సరిగ్గా ఆ పళ్ల వెనకే. ఇంకో పెద్ద నాళం బుగ్గ లోపల పైదవడ వెనక దంతాలకు ఎదురుగా తెరుచుకుంటుంది. అందుకే ఆ దంతాల బయటి వైపు కూడా గార ఎక్కువ. ఖనిజాలు అక్కడ పుష్కలంగా అందుతాయి, పైగా ఆ రెండు చోట్లా బ్రష్షు సరిగా తిరగదు. ఇక పంటికీ పంటికీ మధ్య సందుల్లోకి మామూలు బ్రష్షు కుచ్చులు అసలు వెళ్లవు.

నొప్పి లేనప్పుడు గారతో నష్టమేంటి?

గార గరుకుగా ఉంటుంది. ఆ గరుకు మీద కొత్త పాచి తేలిగ్గా నిలుస్తుంది, చిగురును అంటిపెట్టుకుని ఉంటుంది. పాచికీ చిగుళ్ల వాపుకీ ఉన్న సంబంధాన్ని 1965లో హెరాల్డ్ లో అనే దంతవైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు డెన్మార్క్‌లో తేల్చి చూపించారు. ఆరోగ్యమైన చిగుళ్లున్న 12 మంది చేత పళ్లు తోముకోవడం మాన్పించారు. మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక సుమారు వారంలో మామూలయ్యాయి. తొలిదశలో జబ్బు పూర్తిగా వెనక్కి తగ్గుతుందన్నది ఈ ప్రయోగం నేర్పిన గొప్ప విషయం.

ఆ దశ దాటితే సంగతి వేరు. వాపు లోపలికి పాకి, పంటిని దవడ ఎముకకు పట్టి ఉంచే కణజాలాన్నీ, తర్వాత ఎముకనూ తినేస్తుంది. పంటికీ చిగురుకీ మధ్య మామూలుగా 3 మిల్లీమీటర్లకు మించని సందు 5, 6 మిల్లీమీటర్ల లోతున సంచిలా మారుతుంది. అంత లోతుకు ఇంట్లో వాడే ఏ బ్రష్షూ చేరదు. పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. ఇంత జరుగుతున్నా నొప్పి ఉండకపోవడమే ఈ జబ్బులో అసలు ప్రమాదం. తోముకుంటే రక్తం రావడం తరచుగా కనిపించే తొలి హెచ్చరిక. రక్తం వస్తోందని ఆ చోట తోమడం మానేస్తే పాచి మరింత పేరుకుంటుంది. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు చిగుళ్లలో రక్తప్రసరణ తగ్గి ఆ హెచ్చరిక కూడా సరిగా కనిపించదు. వాళ్లు రక్తం కోసం చూడకుండానే వెళ్లి చూపించుకోవాలి.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయంటారు, నిజమా?

కాదు. కానీ ఈ భయం ఎక్కడి నుంచి పుట్టిందో అర్థం చేసుకోవాలి, ఎందుకంటే చాలామందిని డాక్టరు దగ్గరికి రానివ్వనిది ఇదే. ఏళ్ల తరబడి గార పేరుకున్న నోట్లో ఎముక ముందే తరిగిపోయి ఉంటుంది. పళ్ల సందులన్నీ గారతో నిండి, పళ్లన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి గట్టిగా ఉన్నట్టు అనిపిస్తాయి. గార తీసేశాక ఆ ఖాళీలు బయటపడతాయి. వాచిన చిగుళ్లు వాపు తగ్గి కాస్త కిందికి దిగుతాయి. అప్పటిదాకా కప్పబడి ఉన్న వేరు భాగానికి గాలి, చల్లనీళ్లు తగిలి జివ్వుమంటుంది. నిన్నటిదాకా లేని సందులు, కదలిక, జివ్వుమనడం ఒక్కరోజులో తెలిసేసరికి మనిషి ఆ నెపం క్లీనింగ్ మీద వేస్తాడు. ఆ నష్టం చేసింది అన్నేళ్లూ అక్కడ కూర్చున్న గార, పాచి. వాపు తగ్గాక కొంచెం కదిలే పళ్లు బిగుసుకోవడం కూడా మామూలే.

పని జరిగే తీరు తెలిస్తే భయం ఇంకా తగ్గుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే అల్ట్రాసోనిక్ స్కేలర్ మొన సెకనుకు 25 వేల సార్లకు పైగా కంపిస్తుంది. ఆ కంపనం గారను పగలగొడుతుంది. వేడి పుట్టకుండా నీళ్లు చిమ్ముతూ ఉంటాయి, ఊడిన ముక్కలు ఆ నీళ్లతో కొట్టుకుపోతాయి. ఎనామెల్ మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం. సరిగా వాడిన స్కేలర్ దాన్ని చెక్కేయదు. చివర్లో పాలిష్ చేసి పంటిని నున్నగా చేస్తారు. చిగురు లోపల లోతుగా గార ఉంటే మత్తు సూది ఇచ్చి రెండు మూడు విడతల్లో తీస్తారు.

పళ్లు తెల్లబడతాయా?

టీ, కిళ్లీ, ఖైనీ మరకలు పోతాయి. పంటి సహజమైన రంగు మారదు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల మీది గోధుమరంగు మచ్చలు చిన్నప్పుడు పన్ను తయారవుతుండగా ఎనామెల్‌లోనే ఏర్పడినవి, క్లీనింగ్‌తో పోవు. వాటికి చికిత్స వేరే ఉంది.

ఆరు నెలలకోసారి తప్పదా?

అందరికీ ఒకే లెక్క లేదు. క్రమం తప్పకుండా చూపించుకుంటూ, తీవ్రమైన చిగుళ్ల జబ్బు లేని పెద్దల్లో ఆరు నెలలకోసారి క్లీనింగ్ చేసినా, అసలు చేయకపోయినా రెండు మూడేళ్లలో చిగుళ్ల వాపులో పెద్ద తేడా కనపడలేదని, అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సమీక్ష 2018లో తేల్చింది. ఆ సమీక్షలో చూసినవి బ్రిటన్‌లో జరిగిన అధ్యయనాలు. అక్కడ వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ కూడా పెద్దలకు పంటి పరీక్షకు మనిషిని బట్టి 3 నెలల నుంచి 24 నెలల వరకు గడువు పెట్టమంటుంది. ఈ మాట చూపించి క్లీనింగే అక్కర్లేదనడం మాత్రం నేను ఒప్పుకోను. నలభై దాటినా ఒక్కసారీ పంటి డాక్టరు కుర్చీ ఎక్కనివాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్ల నోటి పరిస్థితి ఆ అధ్యయనాల్లోని వాళ్లది కాదు.

అసలేమీ శుభ్రం చేయని నోట్లో ఏమవుతుందో శ్రీలంక తేయాకు తోటల్లోని 480 మంది తమిళ కూలీలను పరిశోధకులు పదిహేనేళ్ల పాటు గమనించి 1986లో ప్రచురించారు. నూటికి 8 మందిలో జబ్బు వేగంగా ముదిరింది, 81 మందిలో నెమ్మదిగా సాగింది, 11 మందికి చిగుళ్ల వాపు దాటి వెళ్లలేదు. మనం ఏ కోవలో ఉన్నామో పరీక్ష చేయించుకుంటేనే తెలుస్తుంది. షుగరు ఉన్నవాళ్లు, పొగాకు వాడేవాళ్లు, గర్భిణులు, ఒకసారి చిగుళ్ల జబ్బు వచ్చినవాళ్లు తరచుగా వెళ్లాలి. షుగరుకూ చిగుళ్లకూ సంబంధం రెండు వైపులా ఉంది. షుగరు ఉన్నవాళ్లలో ముదిరిన చిగుళ్ల జబ్బుకు వైద్యం చేస్తే మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ సుమారు 0.4 శాతం పాయింట్ల మేర తగ్గుతుందని తేలింది.

ఇంకో మేలు కూడా ఉంది. ఆ కుర్చీలో డాక్టరు నాలుక, బుగ్గలు, అంగిలి కూడా చూస్తారు. శ్రీకాకుళం ప్రాంతంలో చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిలి మీద మచ్చలు, క్యాన్సర్ రావడం దశాబ్దాల కిందటే పరిశోధనల్లో నమోదైంది. ఆ మచ్చ తొలిదశలో కనపడటం ప్రాణం నిలిపే సంగతి.

డాక్టరుకు ముందే ఏం చెప్పాలి?

రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే చెప్పండి, సొంతంగా మానకండి. గుండెలో కృత్రిమ వాల్వు ఉంటే తప్పక చెప్పాలి, ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు. క్లీనింగ్ అయ్యాక కొన్ని రోజులు జివ్వుమనడం మామూలే, రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే మళ్లీ చూపించుకోండి. కుర్చీ దిగేముందు అద్దం అడిగి తీసుకుని, గార ఎక్కడెక్కడ ఎక్కువగా తీశారో చూపించమనండి. మీ పళ్ల సందులకు సరిపోయే చిన్న బ్రష్షు ఏ సైజుదో అడిగి రాయించుకోండి.