బండికి రంగు – ఇంటివారికి ఊపిరి



క్రిస్మస్ దగ్గరపడుతుంటే మన పల్లెల్లో ఇళ్ళకు సున్నము, తలుపులకు రంగు వేసుకుంటాము. ఆ వరుసలోకి ఇప్పుడు మోటారు సైకిలు కూడా వచ్చింది. హార్డువేరు దుకాణములో ఒక స్ప్రే రంగు డబ్బా కొనుక్కుంటే తుప్పు పట్టిన క్యారియరు, వెలిసిపోయిన మడ్‌గార్డు ఇంటి దగ్గరే బాగుపడతాయని మన యువకులు తెలుసుకున్నారు. సంతోషమే. మన వస్తువును మన చేతులతో బాగుచేసుకోవడము పొదుపూ అవుతుంది, నేర్పూ అవుతుంది. అయితే ఆ డబ్బాను ఎలా వాడాలో, ఎక్కడ వాడకూడదో అబ్బాయిలతోపాటు ఇంట్లో తల్లిదండ్రులకు కూడా తెలియాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

తుప్పు ఎక్కడినుండి వస్తుంది?

గుంటూరు, ప్రకాశము ప్రాంతములో బండి మనుషులనే కాదు, ఎరువు బస్తాలనూ, పురుగుమందు డబ్బాలనూ, ఒక్కొక్కసారి మిరప టిక్కీలనూ మోస్తుంది. (2022లో జిల్లాలు విడిపోయి పల్నాడు, బాపట్ల పేర్లు వచ్చినా మన బండ్ల బరువు మారలేదు.) ఇనుముకు గాలి, తేమ తగిలితే తుప్పు పుడుతుంది. ఉప్పు తోడైతే అది త్వరపడుతుంది. పొటాష్ ఎరువు కూడా ఒక రకమైన ఉప్పే. బస్తాలోనుండి రాలిన పలుకులు క్యారియరు సందులలో చేరి, తేమను పట్టుకొని, ఇనుమును తింటాయి. చీరాల, బాపట్ల వైపు సముద్రపు గాలి కూడా ఆ పనే చేస్తుంది. ఆ తుప్పు మీదనే రంగు కొడితే లోపల తినడము ఆగదు. కొన్నాళ్ళకే రంగు పొక్కులు పొక్కులుగా లేస్తుంది.

రంగుకు ముందు పని

కాబట్టి పనిలో ముప్పాతిక భాగము రంగుకు ముందే ఉంది. భాగాన్ని బండినుండి విప్పి, సబ్బు నీటితో జిడ్డు పోయేలా కడగాలి. తుప్పును ఇనుప బ్రష్షుతో గీకి, వాటర్ పేపరుతో రుద్దాలి. పాత రంగును పొడిగా గీకవద్దు, తడిపి రుద్దండి. పాత రంగులలో సీసము ఉండవచ్చు. ఇళ్ళకు వేసే రంగులలో సీసాన్ని కట్టడి చేస్తూ మన దేశములో నియమాలు 2016లో వెలువడి, మరుసటి ఏడాది అమలులోకి వచ్చాయి. అంతకుముందటి రంగు పొడి పిల్లల నోటికి చేరకూడదు. రుద్దిన నీటిని పశువులు తిరిగే చోట, బావి దగ్గర పారబోయకండి.

భాగము బాగా ఆరిన తరువాత ప్రైమరు వేయాలి. ప్రైమరు, రంగు ఒకే రకానివైతే మేలు. రకాలు పొసగకపోతే పై రంగు ముడతలు పడుతుంది. ప్లాస్టిక్ భాగాలకు వేరే ప్రైమరు ఉంటుంది. డబ్బాను రెండు నిమిషాలు బాగా కుదపాలి. జానెడు దూరమునుండి, చెయ్యి ఆపకుండా, పలుచగా కొట్టాలి. ఒకేసారి దట్టముగా కొడితే రంగు కారుతుంది. పూతకూ పూతకూ నడుమ పది పదిహేను నిమిషాలు ఆగి, మూడు పలుచని పూతలు వేస్తే చాలు.

మంచు కురిసే వేకువన, వాన ముసురులో వద్దు. తేమకు రంగు తెల్లబారుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నము కూడా వద్దు. తుంపర దారిలోనే ఆరి గరుకుగా పడుతుంది. మంచు విడిచి, గాలి నెమ్మదిగా ఉన్న ఉదయమే తగిన సమయము.

ఇదీ ఒక మందే

ఈ డబ్బా పుట్టుక తెలిస్తే దానిని ఎలా చూడాలో తెలుస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో సైనికులను దోమలనుండి కాపాడడానికి అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు పురుగుమందును ఇలాంటి డబ్బాలో నింపారు. 1949లో అక్కడి రంగుల వ్యాపారి ఎడ్వర్డ్ సేమోర్, భార్య ఇచ్చిన సలహాతో, అదే పద్ధతిలో రంగును నింపాడు. అంటే మొదట మందు, తరువాత రంగు.

ప్రత్తి రైతుకు ఇంతకంటే వేరే వివరణ అక్కరలేదు. 1980 దశకములో తెల్లదోమ విజృంభించిన నాళ్ళలో మందు మీద మందు కొట్టిన నేల మనది. గాలికి ఎదురుగా కొట్టకూడదనీ, మందు కొట్టే చోటికి పిల్లలను రానివ్వకూడదనీ మనకు ఒకరు చెప్పనక్కరలేదు. చేలో పాటించే ఆ జాగ్రత్తనే ఇంటి దగ్గర ఎందుకు మరచిపోవాలి?

రంగును పలుచన చేసే ద్రావకాల ఆవిరి తల తిప్పుతుంది, వాంతి తెప్పిస్తుంది. తలుపులు మూసిన గదిలో అది మరింత ప్రమాదము. ముక్కుకు కట్టుకున్న తువాలు తుంపరను కొంత ఆపుతుందేమో గాని ఆవిరిని ఆపలేదు. అందుకు బొగ్గు గుళికల డబ్బాలు అమర్చిన మాస్కు కావాలి. గర్భిణులు, పసిపిల్లలు, ఆయాసము ఉన్న పెద్దలు ఆ దరిదాపుల్లో ఉండరాదు. చాలా డబ్బాలలో రంగును బయటికి తోసేది వంట గ్యాసు జాతి వాయువే. అది నేలబారున ప్రాకుతుంది. పొయ్యి, బీడీ, అగ్గిపుల్ల దగ్గర ఉండకూడదు. కల్లములో మిరపకాయలు ఆరబోసి ఉంటే ఆ వైపుకు గాలి వీచే వేళ డబ్బా తెరవనే వద్దు.

ఇంట్లో చేయకూడనివి

పెట్రోలు ట్యాంకును మెకానిక్కుకే వదలండి. ఖాళీ ట్యాంకులోని ఆవిరి కూడా అంటుకుంటుంది, మామూలు స్ప్రే రంగు పెట్రోలు చుక్కకు కరిగిపోతుంది. గట్టిపడే ద్రవము కలిపే రంగులు కూడా ఇంట్లో వద్దు. వాటి తుంపర ఊపిరితిత్తులకు చాలా చెరుపు. సైలెన్సరుకు వేడి తట్టుకునే రంగు వేరే ఉంటుంది. బ్రేకులకు, చైనుకు, ఛాసిస్ నంబరుకు రంగు తగలనివ్వవద్దు. ఆర్.సి. పుస్తకములో బండి రంగు వ్రాసి ఉంటుంది గనుక మొత్తము రంగు మార్చదలిస్తే ముందుగా రవాణా కార్యాలయములో అడగండి.

డబ్బాలమీద యాభై డిగ్రీలకు మించిన వేడి తగలనివ్వవద్దని వ్రాసి ఉంటుంది. ఎండలకు పేరుపడిన రెంటచింతల వైపు వేసవిలో రేకుల పాక క్రింద ఆ వేడి రావడము కష్టము కాదు. డబ్బాను నీడలో, పిల్లలకు అందనంత ఎత్తులో ఉంచండి. అయిపోయినదాన్ని ప్రత్తికట్టె మంటలో వేయవద్దు, పేలుతుంది.

కొడుకు తన బండికి తానే రంగు వేసుకుంటానంటే కాదనకండి. ఆ రోజు మీరూ ప్రక్కన నిలబడి గాలి ఎటు వీస్తున్నదో చూడండి, చిన్నపిల్లలను పిలిచి దూరముగా కూర్చోబెట్టండి. రంగు రెండేళ్ళకు మళ్ళీ వేసుకోవచ్చు. చెడిన ఊపిరితిత్తులను బాగుచేసే ప్రైమరు ఏ దుకాణములోనూ దొరకదు.