బ్లాగు ప్రకటనల రాబడి: అపోహలు, వాస్తవాలు

బ్లాగులో ప్రకటనలకు వచ్చే డబ్బు గూగుల్ తన ఇంట్లోంచి తీసి ఇచ్చేది కాదు, ప్రకటనదారు జేబులోంచి వచ్చేది. ఇళ్ల స్థలాలు అమ్మే సంస్థో, విదేశీ చదువులకు పంపే కన్సల్టెన్సీయో తమ సరుకు కొనగల మనిషి కంట పడాలని కట్టే సొమ్ము అది. పాఠకుడు పేజీ తెరిచిన రెప్పపాటులో వేలం నడుస్తుంది. గెలిచిన ప్రకటన అక్కడ కనిపిస్తుంది, గూగుల్ తన వాటా పట్టుకుని మిగిలింది బ్లాగరుకు జమ చేస్తుంది. 2003లో మొదలైన యాడ్‌సెన్స్ చేసే పని ఇదే. ప్రకటనదారు పెట్టిన దానిలో బ్లాగరుకు దక్కేది సుమారు 68 శాతం. ఈ డబ్బు ఎవరిదో మరిచిపోవడంతోనే సగం అపోహలు పుడుతున్నాయి.

‘తెలుగు బ్లాగుకు యాడ్‌సెన్స్ ఇవ్వరు’ అన్నది ఒకప్పుడు నిజమే. తెలుగు బ్లాగులు కళకళలాడిన తొలినాళ్లలో యాడ్‌సెన్స్ అనుమతించే భాషల జాబితాలో మన భాష లేదు. హిందీకి 2014లో, తెలుగుకు 2018లో చోటు దక్కింది. ఇప్పుడు దరఖాస్తు తిరిగొస్తే భాషను తప్పుపట్టి లాభం లేదు. పలుచటి టపాలో, వేరే చోటి నుంచి ఎత్తి అతికించిన వార్తలో కారణమయ్యే అవకాశం ఎక్కువ. కింద ‘సేకరణ’ అని రాసినంత మాత్రాన ఎత్తి అతికించింది సొంత రచన అయిపోదు. సొంత డొమైన్ కొని తీరాలన్నదీ అపోహే, బ్లాగ్‌స్పాట్ ఉచిత చిరునామా ఉన్నా సరిపోతుంది. నెలకు ఇన్ని వేల వీక్షణలు ఉండాలన్న నియమం లేదు. పద్దెనిమిదేళ్లు నిండాలన్న నియమం మాత్రం ఉంది.

‘వెయ్యి వీక్షణలకు ఇంత’ అని యూట్యూబ్ వీడియోల్లో లెక్క కట్టి చెబుతుంటారు. అలాంటి ధరల పట్టిక ఎక్కడా లేదు. ఆర్‌పీఎం అనే అంకె వచ్చిన డబ్బును వీక్షణలతో భాగించి వెయ్యితో హెచ్చిస్తే వచ్చే సగటు. జరిగిపోయిన దాని లెక్కే తప్ప రాబోయే దానికి హామీ కాదు. ఒకే టపాను ఖమ్మంలో చదివినప్పుడూ డాలస్‌లో చదివినప్పుడూ వేలంపాట ఒకేలా సాగదు. గృహరుణాల మీద రాసిన టపాకు పోటీపడే ప్రకటనదారులు పద్యవ్యాఖ్యకు దొరకరు, అది వ్యాఖ్య లోపం కాదు. ఆర్‌పీఎం ఒక డాలరు అనుకుంటే నెలకు 20,000 వీక్షణలున్న బ్లాగుకు వచ్చేది 20 డాలర్లు. చెల్లింపుకు కనీస మొత్తం 100 డాలర్లు కాబట్టి ఆ లెక్కన అయిదు నెలలు ఆగాలి. ఎవరూ నొక్కకపోతే పైసా రాదన్న మాటకూ కాలం చెల్లింది. 2024 తొలినాళ్ల నుంచి చెల్లింపు ప్రధానంగా ప్రకటన కనిపించినదాన్ని బట్టే జరుగుతోంది.

అన్నిటికన్నా నష్టం తెచ్చే అపోహ క్లిక్కులది. ‘మనవాళ్లే కదా, రోజుకు నాలుగు నొక్కితే ఏం పోతుంది?’ అని కుటుంబ వాట్సాప్ గుంపులో లింకు పడేస్తారు. బావమరిది నొక్కుతాడు, పిన్ని నొక్కుతుంది, ఇద్దరికీ ఆ ప్రకటనలోని స్థలం కొనే ఉద్దేశం ఉండదు. అంటే స్థలాలు అమ్మేవాడి డబ్బు గాలికి పోయినట్టే. అదే వైఫై, అవే ఫోన్లు, రోజూ అదే వేళ. ఇలాంటి జాడలను పట్టుకోవడానికే గూగుల్‌లో ప్రత్యేక వ్యవస్థ ఉంది. డ్యాష్‌బోర్డులో కనిపించేది అంచనా మాత్రమే. చెల్లని క్లిక్కుల సొమ్మును అందులోంచి కోసేస్తారు. వ్యవహారం ముదిరితే ఖాతా మూతపడుతుంది. డబ్బిచ్చి తెప్పించుకున్న బాట్ల రద్దీకీ ఇదే గతి. ‘మమ్మల్ని ఆదరించాలంటే ప్రకటన మీద నొక్కండి’ అని పేజీలో రాయడం కూడా నిబంధనల ఉల్లంఘనే. పొరపాటున ఒకసారి వేలు తగిలితే మాత్రం కొంప మునగదు.

ప్రకటనలు ఎన్ని పెడితే అంత రాబడి అనుకోవడమూ సరికాదు. పేజీకి మూడే ఉండాలన్న పాత పరిమితిని 2016లో ఎత్తేశారు గానీ, రాతను మించి ప్రకటనలు ఉండకూడదన్న నియమం అలాగే ఉంది.

డబ్బు చేతికి రావడంలోనూ ఒక మెలిక ఉంది. రాబడి 10 డాలర్లకు చేరాక ఇంటి చిరునామాకు తపాలాలో ఆరంకెల పిన్ పంపుతారు. ఇంటి నంబరో, వీధి పేరో సగం రాసిన చిరునామాకు ఆ ఉత్తరం చేరకపోవచ్చు. నాలుగు నెలల్లో పిన్ నమోదు కాకపోతే ప్రకటనలు ఆగిపోతాయి.

విదేశం నుంచి వచ్చే డాలర్లకు పన్ను ఉండదన్నది చివరి భ్రమ. భారతదేశంలో సాధారణ నివాసిగా లెక్కకొచ్చే వ్యక్తికి ప్రపంచంలో ఎక్కడి నుంచి వచ్చిన ఆదాయమైనా ఇక్కడి పన్ను లెక్కలోకి వస్తుంది. బ్లాగు రాబడినీ రిటర్నులో చూపాల్సిందే.