థార్‌కి పెద్ద టైర్లు వేయిద్దామనుకుంటున్నారా? ముందు చక్రం తూకం వేయండి

ఫోన్ 190 గ్రాములైతే "చేతిలో తేలిగ్గా ఉంది" అంటాం, 225 అయితే "ఇటుకలా ఉంది బ్రో" అని రివ్యూలో మార్కులు కోసేస్తాం. అదే మనం బండికి టైర్లు మార్చేటప్పుడు లుక్ చూస్తాం, రేటు అడుగుతాం. బరువు మాత్రం అడగం. నేనూ అడగలేదు, మొన్న బావ ఫోన్ చేసేదాకా.

బావది ఆసిఫాబాద్ దగ్గర. పత్తి చేను, థార్, రెండూ ఉన్నాయి. బోనస్ డబ్బులు రాగానే వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు: 285/70 ఆర్17 మడ్ టైర్లు, అలాయ్స్‌తో సహా. "ఏం బామ్మర్ది, ఎట్లుంటది? బురదల దున్నేస్తది కదా!" అని అడిగాడు. లుక్ అయితే అదిరింది. కానీ ఇంజినీరింగ్ చదివిన పాపానికి లెక్క వేయాల్సి వచ్చింది.

మూడు డోర్ల థార్ పై వేరియంట్‌లో కంపెనీ ఇచ్చే సైజు 255/65 ఆర్18. దీని వ్యాసం సుమారు 789 మి.మీ. బావ చూసినది 831 మి.మీ. అంటే 42 మి.మీ. పెరిగింది. ఇందులో గ్రౌండ్ క్లియరెన్స్‌కి దక్కేది సగమే, 21 మి.మీ. కానీ గేరింగ్ మీద దెబ్బ మాత్రం పూర్తిగా పడుతుంది. టైర్ 5 శాతం పెద్దదైతే నేలను తోసే బలం దాదాపు 5 శాతం తగ్గుతుంది. స్పీడోమీటర్ మునుపటికంటే 5 శాతం తక్కువ చూపిస్తుంది, ఓడోమీటర్ కూడా అంతే. చాలామంది "టైర్లు మార్చాక మైలేజ్ పడిపోయింది" అంటారు కదా, అందులో కొంత ఈ మీటర్ లెక్క తప్పడమే. ఫోన్‌లో జీపీఎస్ స్పీడ్ యాప్ ఆన్ చేసి పోల్చుకుంటే మీకే తెలుస్తుంది.

ఇప్పుడు బరువు. ఒక్కో చక్రానికి 8 కిలోలు పెరిగాయనుకుందాం. నాలుగింటికి 32 కిలోలు. "గంతేనా? చిన్న పిల్లగాడు ఎక్కినట్టు" అన్నాడు బావ. కాదు బావా. సీట్లో కూర్చున్న పిల్లగాడు ముందుకు మాత్రమే కదులుతాడు. టైర్ ముందుకు కదలాలి, తిరగాలి కూడా. ట్రెడ్ దగ్గరున్న ప్రతి కిలో, బండి వేగం పుంజుకునేటప్పుడు దాదాపు రెండు కిలోల లెక్క. హబ్ దగ్గరున్న కిలో మాత్రం ఒక కిలోకి కొంచెం ఎక్కువ, అంతే. పెరిగిన బరువంతా ట్రెడ్‌లోనే ఉంటే ఆ 32 కిలోలు 64 అవుతాయి. బండి 1,750 కిలోలు అనుకుంటే ఇది మూడున్నర శాతం. గేరింగ్ నష్టం కూడా కలిపితే పికప్ సుమారు 8 శాతం పోతుంది. బ్రేకులకీ ఇదే కథ: కెరమెరి ఘాట్ దిగేటప్పుడు ఆ తిరిగే శక్తిని కూడా అవే మింగాలి. ఐదో చక్రం వెనక డోర్‌కి వేలాడుతూ ఉంటుంది, ఆ భారం డోర్ కీళ్ల మీద.

నిజం చెప్పాలంటే 8 శాతంతో కొంప మునగదు. నన్ను ఆపింది సస్పెన్షన్ విషయం. చక్రం బరువు స్ప్రింగ్ కింద ఉంటుంది. గతుకు తగిలినప్పుడు పైకి లేచిన చక్రాన్ని స్ప్రింగ్, డ్యాంపర్ కలిసి మళ్లీ నేలకి దించాలి. చక్రం బరువెక్కితే ఆ పని ఆలస్యమవుతుంది. కంకర తేలిన రోడ్డు మీద టైర్ గాల్లో ఉన్నంతసేపు గ్రిప్ సున్నా.

దీనికి బావ దగ్గర గట్టి పాయింట్ ఉంది: "మరి ట్రాక్టర్ వెనక టైర్లల్ల నీళ్లు ఎందుకు నింపుతరు?" కరెక్టే. కరీంనగర్ వైపు పొలాల్లో ట్రాక్టర్‌కి కావాలనే బరువు పెంచుతారు. కానీ అది నాగలిని లాగాలి, నడిచేది మనిషి నడక కంటే కొంచెం ఎక్కువ వేగంతో. తిరిగే శక్తి వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి అక్కడ ఆ నష్టం లెక్కలోకే రాదు. థార్ అదే రోజు హైవే మీద 80లో పోవాలి.

ఇక ఆదిలాబాద్ నల్లరేగడి. తడిస్తే ఉబ్బి, జిగురులా అంటుకుంటుంది. ట్రెడ్ సందులన్నీ నిండిపోయాక మడ్ టైర్ కూడా బోడి టైరే. పైగా ఆ మట్టి బరువు కూడా చక్రం అంచునే చేరుతుంది, ఎక్కడైతే ఉండకూడదో అక్కడే. మట్టి విసిరేయాలంటే చక్రం చురుగ్గా వేగం అందుకోవాలి, బరువు చక్రానికి అదే కష్టం. మడ్ టైర్ సందులు వెడల్పు కాబట్టి త్వరగా శుభ్రపడుతుంది, అది ఒప్పుకోవాలి. అయితే బావ బురదలో తిరిగేది ఏడాదిలో రెండు మూడు నెలలు.

అలాయ్ అంటే తేలిక అనే నమ్మకం కూడా పక్కన పెట్టండి. పెద్ద సైజు అలాయ్, చిన్న సైజు స్టీల్ రిమ్ కంటే బరువుండొచ్చు. ఇంట్లో బరువు చూసే మెషిన్ ఉంటే చక్రం పట్టుకుని నిలబడండి, మీ బరువు తీసేయండి. ఇంకోటి, తయారీదారు స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. క్లెయిమ్ టైమ్‌లో ఇన్సూరెన్స్ వాళ్లకి ఇది గుర్తుకొస్తుంది.

చివరికి బావ కంపెనీ సైజులోనే ఏటీ టైర్లు తీసుకున్నాడు. మిగిలిన డబ్బులో కొంత పెట్టి చేతిలో పట్టే ఎయిర్ కంప్రెసర్ కొన్నాడు, ఇప్పుడు ఫోన్ కంపెనీలే అమ్ముతున్నాయిగా. చేను బాటలో గాలి 18–20 పీఎస్‌ఐకి దించి నెమ్మదిగా పోతాడు, టైర్ నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ నింపుకుంటాడు. లుక్ మాత్రం మిస్సయ్యానని ఇప్పటికీ నన్ను తిడుతూనే ఉన్నాడు.