వనస్పతిలో దాగిన వాగ్దేవి

వాక్కు ఒకప్పుడు యజ్ఞానికి నిలువనొల్లక దేవతలను విడిచి వెళ్ళిపోయింది. వెళ్ళి వృక్షాలలో ప్రవేశించింది. దుందుభిలో, తూణవమనే వేణువులో, వీణలో మనకు వినిపించేది వనస్పతులలో దాగిన ఆ వాక్కేనని కృష్ణయజుర్వేదంలోని తైత్తిరీయ సంహిత ఆరవ కాండం చెబుతున్నది. సోమయాగ దీక్షా ప్రకరణంలోనిది ఈ మాట. దీక్ష వహించిన యజమానికి అక్కడ నోటి ఎత్తు వరకు ఉండే మేడికొయ్య దండాన్ని అందిస్తారు. చెట్టులోకి వెళ్ళిన వాక్కును చెట్టు ద్వారానే తిరిగి పొందాలన్నది అందులోని భావం. వీణలో మెట్లు అమర్చే పొడవైన భాగానికి దండి అని పేరు ఉండడం నాకెప్పుడూ ఈ ఘట్టాన్ని గుర్తుకు తెస్తుంది.

సరస్వతీదేవి వీణ కచ్ఛపి, నారదునిది మహతి, తుంబురునిది కళావతి, విశ్వావసువుది బృహతి అని కోశకారులు చెప్పిన పేర్లు మనలో చాలామందికి కంఠస్థం. కాని మన ఇంట దేవీనవరాత్రులలో మూలా నక్షత్రం నాడు పుస్తకాల సరసన పెట్టి పసుపు కుంకుమలతో పూజించే వీణ ఏ చెట్టుది, ఎవరు చెక్కినది అని అడిగేవారు అరుదు. వాగ్దేవి చెట్టులో ఉన్నదని వేదం చెబుతుంటే, ఆమెను అందులో నుండి వెలికి తెచ్చేవారిని ఎరుగకపోవడం ఆస్తికులకు తగదు.

విజయనగరం జిల్లాలో బొబ్బిలి పట్టణాన్ని ఆనుకొని గొల్లపల్లి ఉన్నది. 1757 జనవరి నాటి యుద్ధంతో బొబ్బిలి పేరు చరిత్రకు ఎక్కింది. వీణతో సంగీతలోకానికి ఎక్కింది. సర్వసిద్ధి వారు అనే ఇంటిపేరు గల కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఈ పనే చేస్తున్నాయి. వారి వీణ ఏకాండి. అంటే కుండ, దండి వేర్వేరుగా చేసి అతికించినవి కావు. ఒకే పనస మానులో నుండి రెండూ వెలువడతాయి. కుండ మీద మూతగా వచ్చే పలకను మాత్రం విడిగా అమర్చవలసిందే.

పనసను ఎంచుకోవడంలో పెద్దల వివేకం ఉన్నది. ఆ కొయ్య బంగారు వన్నె గలది, త్వరగా చెదలు పట్టనిది, తేలికగా ఉండి నాదాన్ని మోసేది. మృదంగానికి కూడా పనసే శ్రేష్ఠమంటారు. అయితే కుండ తొలచడానికి చాలినంత లావు మాను కావాలంటే ఆ చెట్టు కొన్ని దశాబ్దాలు బతకాలి. తాత నాటిన చెట్టు మనుమని ఉలికి అందుతుంది. మానును బాడిసతో చెక్కి, ఉలితో లోపలి భాగాన్ని తొలుస్తారు. కుండ గోడ మందంగా ఉంటే నాదం మూగబోతుంది, మరీ పలుచనైతే కొయ్య నిలవదు. ఎక్కడ ఆపాలో చేతివేళ్ళకు, చెవికి తెలియాలి. ఆ తరువాత పై పలక, తలవద్ద యాళి ముఖం, తీగలు బిగించే బిరడలు, గుర్రం, ఎడమ తొడపై ఆనే సొరబుర్ర ఒక్కొక్కటిగా అమరుతాయి. గుర్రం మీది లోహపు రేకు చూపుకు చదునుగా ఉంటుంది గాని, దానిలో కనీకనిపించని వంపు ఉన్నది. తీగ దానిని ఒరుసుకుంటూ కంపించడం వల్లనే మీటు ఆగిన తరువాత కూడా నాదం ఘంటానాదం వలె కొంతసేపు నిలుస్తుంది.

అన్నిటి కంటే కఠినమైనది మేళం కట్టడం. దండికి రెండు వైపులా తేనెమైనంలో నల్లని పొడి కలిపి గట్లుగా పోస్తారు. ఆ గట్ల మీద 24 లోహపు మెట్లు నిలుపుతారు. స్థాయికి 12 స్వరస్థానాల వంతున తీగకు రెండు స్థాయిలు. మెట్ల మీదుగా సాగే తీగలు నాలుగు, పక్కన తాళానికి మూడు, వెరసి ఏడు. మైనం మెత్తగా ఉండగానే ఒక్కొక్క మెట్టునూ వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ, మీటి వింటూ, స్వరం కుదిరిన చోట నిలుపుతారు. కొలబద్ద ఈ పనిని ఆరంభించగలదు గాని ముగించలేదు. విజయనగర సామ్రాజ్యంలో 1550లో స్వరమేళకళానిధి రచించిన రామామాత్యుడు స్వయంభూ స్వరాలను గురించి చెప్పాడు. తీగలో తమంతట తామే పుట్టే ఆ స్వరాలను మనిషి సృష్టించడు. వాటి చోటు కనుగొని అక్కడ మెట్టు పెడతాడు.

వేదకాలపు వీణ ఇటువంటిది కాదని కూడా చెప్పుకోవాలి. అమరావతి శిల్పాలలోను, సముద్రగుప్తుని నాణేల మీద ఆ చక్రవర్తి ఒడిలోను కనిపించేది వింటి ఆకారపు వీణ. మహావ్రతంలో నూరు తంతుల వాణాన్ని వాయించేవారు. నేటి 24 మెట్ల వీణకు రూపం ఇచ్చిన కీర్తి 17వ శతాబ్దపు తంజావూరు ప్రభువు, తెలుగు కవి అయిన రఘునాథ నాయకునికి సంప్రదాయం కట్టబెట్టింది. ఆకారాలు మారాయి, శ్రుతి చెప్పిన తత్త్వం మారలేదు. ఐతరేయ ఆరణ్యకం ఈ శరీరాన్నే దైవీ వీణ అన్నది. మనిషి చేసిన వీణ దానికి అనుకరణ మాత్రమే. దీనికి తల ఉన్నట్లే దానికీ తల, దీనికి నాలుక ఉన్నట్లే దానికి మీటు అంటూ పోలికలు చెప్పింది. వెన్నులో మెడకు 7, వీపుకు 12, నడుముకు 5, మొత్తం 24 ఎముకలని, అవే వీణ మెట్లని ఉపన్యాసాలలో చెబుతుంటారు. లెక్క అందంగానే కుదిరింది. అయితే అది ఆరణ్యకంలోని మాట కాదు, 24 మెట్లు వచ్చిన తరువాత పుట్టిన చమత్కారం.

వీణకు మన గృహ్యకర్మలలోనే స్థానం ఉన్నదన్న సంగతి మరుగున పడిపోవడం నన్ను బాధించే విషయం. ఆంధ్రదేశంలో అధిక సంఖ్యాకులు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం సీమంతోన్నయనంలో గర్భిణికి పాపట తీసిన తరువాత ఇద్దరు వైణికులను గానం చేయమని ఆదేశిస్తున్నది. ఆ గానంలో తాము ఏ నది చేరువన నివసిస్తున్నారో ఆ నది పేరు చెప్పాలి. రాజమహేంద్రవరంలో గోదావరి, విజయవాడలో కృష్ణవేణి, బొబ్బిలి సీమలో వేగావతి. పుట్టబోయే బిడ్డకు తన నేలను, తన నీటిని వీణానాదంతో పరిచయం చేసే ఏర్పాటు ఇది! నేడు మేము పురోహితులమే ఆ మంత్రాన్ని పఠించి ముగిస్తున్నాము. వీణ ఊసే లేదు. సన్నాయి మేళానికి, విందుకు, ఫొటోలకు వెచ్చించే గృహస్థు గడియసేపు ఒక వైణికురాలిని పిలిపించలేడా? ఈ విషయంలో ముందుగా నోరు విప్పవలసినది మా పౌరోహిత్య వర్గమే. అడిగితే కాదనే యజమానులు తక్కువ.

బొబ్బిలి వీణకు 2011లో భౌగోళిక గుర్తింపు లభించింది. పేరుకు రక్షణ దొరికింది గాని మానుకు దొరకలేదు. లావైన పనస మాన్లు దొరకడం కష్టమవుతున్నది. సన్మానాలలో బహూకరించే జానెడు వీణలకు గిరాకీ హెచ్చింది. పలకని ఆ చిట్టి వీణలను నేను నిందించను, అవి ఆ ఇళ్ళలో పొయ్యి వెలిగిస్తున్నాయి. కాని మేళం కట్టే చెవి బొమ్మ వీణ వల్ల నిలవదు. పెద్ద వీణలు కొనేవారు, వాయించేవారు ఉంటేనే ఆ విద్య తండ్రి నుండి కొడుకుకు దిగుతుంది.

ఎన్నో ఇళ్ళలో పెళ్ళికి ముందు ఆడపడుచు నేర్చుకున్న వీణ గుడ్డ కప్పుకొని అటక మీద ఉంటుంది. దసరాకు దింపి, తుడిచి, బొట్టు పెట్టి మళ్ళీ ఎక్కిస్తారు. వేసవి వేడికి మైనం మెత్తబడి మెట్లు ఒరిగిపోతాయి, తీగలు తుప్పు పడతాయి. అంతమాత్రాన ఆ వీణ పాడైనట్లు కాదు. పాత మైనం తీసివేసి కొత్తగా మేళం కట్టి, తీగలు మార్చితే తిరిగి పలుకుతుంది. చక్కగా ఆరిన పాత కొయ్యలో నాదం మరింత నిండుగా ఉంటుందని వైణికులు అంటారు. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు సొరబుర్రను విప్పి విడిగా కట్టండి, బిరడలు కాస్త వదులు చేసి తీగల బిగువు తగ్గించండి. తిరిగి వచ్చాక ఎండ తగిలే కిటికీ పక్కన ఉంచవద్దు. శరన్నవరాత్రులకు నెలా రెండు నెలల ముందే పంపితే మూలా నక్షత్రం నాటికి అది అమ్మవారి ఎదుట పలకడానికి సిద్ధంగా ఉంటుంది.