కారు పోయినా మిగిలిన కాగితం

పెళ్ళి పట్టుచీరలకు బెంగళూరు చిక్కపేట వెళ్ళడం మన సరిహద్దు జిల్లాలవారికి అలవాటే. ఆ పక్కనే అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల అంగళ్ళున్నాయి. అక్కడి కట్టల్లో పాత కారు బ్రోషరు కనబడితే చిత్తుకాగితమని వదిలేయకండి.

1960, 70లలో మన రోడ్లమీద ప్రధానంగా అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ కార్లే ఉండేవి. ఎన్ని తయారుచేయాలన్నదానికి ప్రభుత్వ లైసెన్సు అడ్డు. అందుకే డబ్బు కట్టినవారు ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ చూసుకొని మురిసింది ఆ నాలుగు పేజీల బొమ్మలనే. ఏ రంగు తీసుకోవాలి, కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలి అన్న తగాదాలన్నీ దానిమీదే!

1983 డిసెంబరులో మారుతి 800 రాగానే కాలం మారింది. పద్మినిగా పేరు మారినా జనం నోట ఫియట్‌గానే నిలిచిన కారు తయారీ 2000 ప్రాంతంలో ఆగింది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది.

నేడు పాత బండిని బాగుచేయించుకునేవారికి అసలు రంగులేవి, సీట్లు ఎలా ఉండేవి, మీటర్లు ఎక్కడుండేవి అని చెప్పే సాక్షి ఆ బ్రోషరే. అయితే ప్రచారానికి మెరుగులు దిద్దిన బొమ్మలవి; బండి తయారైన సంవత్సరంతో సరిచూసుకోవాలి.

మీ ట్రంకుపెట్టెలో అలాంటిది ఉంటే చెద, చెమ్మ తగలకుండా దాచండి. అంచున పెద్దల చేతిలెక్కలుంటే చెరపకండి. అప్పు ఎంత చేశారో, ఎంత ఆశపడ్డారో అవే చెబుతాయి.