ల్యాబ్‌లు మూతపడ్డాయి.. అమ్మ ఒడిలోనే పరిశోధన సాగింది

ఆరు నెలల పాపకు మాటలు రావు. మరి ఆ పాప ఏం గమనిస్తోందో శాస్త్రవేత్తలకు ఎలా తెలుస్తుంది? చూపులను బట్టి! చూసిందే మళ్లీ మళ్లీ చూపిస్తే పిల్లలు విసుగొచ్చి ముఖం తిప్పేసుకుంటారు. కొత్తదో, ఊహించనిదో కనబడితే ఎక్కువసేపు చూస్తారు. ఎన్ని సెకన్లు చూశారో లెక్కపెట్టడం పసిపిల్లల మనస్తత్వ పరిశోధనలో ముఖ్యమైన పద్ధతి.

2020 మార్చిలో కరోనా వల్ల అమెరికా, ఐరోపా యూనివర్సిటీల్లోని ఇలాంటి ల్యాబ్‌లు మూతపడ్డాయి. కానీ పిల్లల ఎదుగుదల ఆగదు కదా! ఏడాది తర్వాత చూద్దాంలే అనుకుంటే, అప్పటికి ఆ పాప నడుస్తూ మాటలు నేర్చుకుంటూ ఉంటుంది. పోయిన వయసు తిరిగి రాదు.

అప్పుడు ఇంటర్నెట్ అక్కరకొచ్చింది. అమెరికాలోని ఎంఐటీలో కిమ్ స్కాట్, లారా షుల్జ్ ‘లుకిట్’ అనే ఆన్‌లైన్ వేదికను కరోనాకు ముందే రూపొందించి, 2017లో దాని వివరాలు ప్రచురించారు. తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంటే చాలు, బిడ్డ చూపులను వెబ్‌క్యామ్ రికార్డు చేస్తుంది. 2020లో ‘చిల్డ్రన్ హెల్పింగ్ సైన్స్’ అనే వెబ్‌సైట్ పలు యూనివర్సిటీల అధ్యయనాలను ఒకేచోట తల్లిదండ్రుల ముందు పెట్టింది. కాస్త పెద్ద పిల్లలకైతే పరిశోధకులు వీడియో కాల్‌లోనే కథలు, బొమ్మలు చూపించి ప్రశ్నలు అడిగారు.

ఇబ్బందులూ తక్కువేం కాదు. వెనక కిటికీ వెలుతురు పడితే బిడ్డ కళ్లు సరిగా కనబడవు. పక్క గదిలోంచి అన్నయ్య పిలిస్తే పాప అటు తిరిగేస్తుంది. తల్లి చూపు ఎటు పోతే బిడ్డ చూపూ అటే పోవచ్చు. అందుకే కొన్ని ప్రయోగాల్లో తల్లిని కళ్లు మూసుకోమంటారు, లేదా బిడ్డను భుజాన వేసుకుని స్క్రీన్‌కు వీపు తిప్పి నిలబడమంటారు.

ఇంట్లోకి కెమెరా వస్తోందంటే ఏ కుటుంబానికైనా సంకోచమే. లుకిట్‌లో ముందుగా తల్లి గానీ తండ్రి గానీ తమ అంగీకారాన్ని నోటితో చెప్పి రికార్డు చేయాలి. చివర్లో ఆ వీడియో ఎవరు చూడొచ్చో వాళ్లే ఎంచుకుంటారు. వద్దనుకుంటే వెనక్కి తీసేసుకోవచ్చు.

అంతకుముందు ల్యాబ్‌కు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది యూనివర్సిటీకి దగ్గర్లో ఉండే, చదువుకున్న కుటుంబాల వాళ్లే. వాళ్లను చూసి పిల్లలంతా ఇంతేనని చెబితే ఎలా? ఆన్‌లైన్ పద్ధతి దూరపు ఊళ్లకూ తలుపు తెరిచింది. కానీ లాప్‌టాప్, మంచి నెట్ లేని ఇళ్లు మళ్లీ బయటే ఉండిపోతాయి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు వింటూ పెరిగే పిల్లలకు మాటలు ఎలా వస్తాయో, ఇంగ్లీషు ఒక్కటే వినే పిల్లలను చూసి చెప్పలేం. అది తెలియాలంటే అలాంటి పిల్లలు కూడా లెక్కలోకి రావాలి.